సీసాలో పడ్డదే మాకు కనిపిస్తుంది

ఒక సాయంత్రం మా ల్యాబ్‌కి ఒక సీసా వచ్చింది. పాత ఇంజెక్షన్ సీసా, రబ్బరు మూత పీకి మళ్లీ పెట్టి చుట్టూ ప్లాస్టర్ అంటించారు, లోపల సెలైన్, అడుగున పరీక్షకని నోట్లోంచి కోసిన బియ్యపు గింజంత ముక్క (బయాప్సీ అంటారు). దాంతోపాటు వచ్చిన చీటీ మీద పేరు, వయసు, వాటి కింద "నోరు. క్యాన్సరా?" అని రెండే మాటలు. నోరంటే నాలుకా, బుగ్గా, అంగిలా? హైదరాబాద్‌లో నోటి జబ్బుల పెథాలజీ చూసేవాళ్లని ఎవరిని కదిపినా ఇలాంటి సీసా కథ ఒకటి ఉంటుంది.

సెలైన్ మనిషికి ఎక్కిస్తే మంచిదే, ఒంట్లోంచి విడిపోయిన ముక్కకి మాత్రం కాదు. రక్తం అందని కణాలు తమ ఎంజైములతో తమనే కరిగించుకుంటాయి. దాన్ని ఆపడానికే ఫార్మాలిన్ (10 శాతం అని పిలుస్తాం గానీ, అందులో ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే), అదీ ముక్కకి కనీసం 10 రెట్లు ఉండాలి. కొవిడ్ రోజుల్లో హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు స్వాబ్‌ని ఏ ద్రవంలోనూ వేయకుండా పొడిగా పంపినా పరీక్ష చేయొచ్చని చూపించారు, 2020 నవంబరులో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ సరేనంది కూడా. అక్కడ వెతికేది వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు పదార్థం కాబట్టి చెల్లింది. ముక్కని అలా పంపితే మాకు చేరేది ఎండిన వడియం.

అసలు అన్నిటికీ కత్తి అక్కర్లేదు. కట్టుడు పళ్లు రాత్రి కూడా తీయని తాతగారికో, ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించని ఆస్తమా పేషెంట్‌కో నోట్లో పెరుగు తరకల్లాంటి తెలుపు కనిపిస్తే, గాజ్‌తో తుడిచి చూడాలి. తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా ఉంటే అది చాలావరకు క్యాండిడా, అంటే ఫంగస్. ఆ గీకిన దాన్ని స్లైడు మీద పూసి రంగు వేస్తే ఫంగస్ దారాలు కనిపిస్తాయి, పని అయిపోతుంది. హెర్పిస్ అనుమానమైతే తాజా పొక్కులోని నీరు స్వాబ్ మీదకి తీసుకోవాలి, చెక్కు కట్టిన పుండుని రుద్దితే వైరస్ దొరక్కపోవచ్చు.

ఎంత తుడిచినా పోని తెల్ల మచ్చ సంగతి వేరు. వక్క, గుట్కా, జర్దా నమిలేవాళ్ల బుగ్గల్లో ఇది కనిపిస్తే తేలిగ్గా తీసుకోకూడదు (పొగాకు కలపని ఉత్త వక్కని కూడా 2004లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చారు). ఇక్కడ చాలామంది బ్రష్ పరీక్ష అడుగుతారు, కోత ఉండదు కదా అని. గట్టి బ్రష్‌ని మచ్చ మీద తిప్పితే కణాలు వస్తాయి, కానీ ఇల్లు కూల్చి ఇటుకలు లారీలో పంపినట్టు వస్తాయి. ఇటుక చెడిందో లేదో చెప్పగలను, గోడ దాటి పునాదిలోకి దిగిందా అన్నది మాత్రం చెప్పలేను. క్యాన్సర్‌ని తేల్చేది ఆ దిగడమే. అందుకే బ్రష్‌లో ఏం వచ్చినా, అనుమానం మిగిలితే ముక్క పరీక్షే.

ముక్క ఎక్కడ తీశారన్నదాని మీదే సగం రిపోర్టు ఆధారపడుతుంది. పుండు బాగా కనిపిస్తోంది కదా అని సరిగ్గా నడిమధ్య తీస్తే మాకు చేరేది చచ్చిన కణజాలం, చీము. క్యాన్సర్ అనుమానమైతే అంచు కావాలి, పక్కన కాస్త మంచి భాగం కలిసొచ్చేలా, లోతు కూడా ఉండేలా. తెలుపు, ఎరుపు కలిసిన మచ్చలో ఎర్రటి చోటు వదిలేయకూడదు, ముదిరే కణాలు అక్కడే ఎక్కువ. మత్తు ఇంజెక్షన్ మచ్చలోకే పొడిస్తే కణజాలం ఉబ్బి చెదిరిపోతుంది. పళ్లున్న ఫోర్సెప్స్‌తో నొక్కి పట్టుకుంటే కణాలు చితికి, గీతల్లా సాగి కనిపిస్తాయి. నీలంగా మెత్తగా ఉన్న ఉబ్బుని మాత్రం కోసేముందు గాజు స్లైడుతో నొక్కి చూడాలి. పాలిపోతే రక్తనాళాల గడ్డ కావచ్చు, కత్తి పెడితే రక్తం ఆగదు.

అన్నిటికంటే చిక్కు పెంఫిగస్. మన రోగనిరోధక శక్తే కణాల్ని అతికించి ఉంచే డెస్మోగ్లీన్ ప్రొటీన్ల మీద పడుతుంది, పొర ఊడిపోతుంది. చాలామందిలో ఇది ఒంటి మీద పొక్కులకంటే నెలల ముందే నోట్లో మొదలవుతుంది, అన్నాళ్లూ బి కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ ఉంటారు. దీనికి రెండు ముక్కలు కావాలి. ఒకటి ఫార్మాలిన్‌లోకి. రెండోది పుండు పక్కనున్న, చూడ్డానికి బాగానే ఉన్న చోటు నుంచి, మైకెల్స్ మీడియం అనే ద్రవంలోకి. ఆ పొరలో అంటుకున్న యాంటీబాడీలని మెరిసే రంగుతో పట్టుకోవాలి, ఫార్మాలిన్ తగిలితే ఆ పరీక్ష చెడుతుంది. రెండూ ఒకే సీసాలో వేసి పంపినవాళ్లున్నారు, ఏమనాలో తెలియదు.

వచ్చిన ముక్కని మైనంలో పొదిగి 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలుగా కోస్తాం. 5 మిల్లీమీటర్ల ముక్కలో అలాంటి పొరలు వెయ్యికి పైనే వస్తాయి, మామూలుగా చూసేది వాటిలో కొన్నే.

ఇక ఆ సీసా. సగం కరిగిన కణాలు, పుండు నడిమధ్య. "ఇది పుండు అనేంత వరకే చెప్పగలం, మళ్లీ తీసి పంపండి" అని రాశాను. రెండ్రోజులకి చీటీలో పేరున్న ఆమే వచ్చింది, ఇంట్లో బ్లౌజులు కుట్టుకునే నడివయసు మనిషి. "ఇంకోసారి కోస్తరా మేడం? కత్తి తగిల్తే పాకుతదంట గదా." పాకదని చెప్పాను. రెండు వారాల్లో మానని పుండుని చూపించకుండా కూర్చుంటేనే ముప్పని కూడా చెప్పి, నోరు తెరవమన్నాను. రెండు బుగ్గల్లోనూ జాలీ అల్లినట్టు సన్నటి తెల్ల గీతలు, పుండు ఒకవైపే. చీటీలో ఆ గీతల మాటే లేదు.

ఈసారి ఆ గీతలున్న చోట తీశారు. చిన్న మత్తు, రెండు కుట్లు, గాజ్ కొరికిపట్టి అరగంట. ముక్క ముడుచుకోకుండా కాగితం మీద పరిచి ఫార్మాలిన్‌లో వేశారు, చీటీ మీద బుగ్గ బొమ్మ గీసి ఇంటూ గుర్తు పెట్టారు. లైకెన్ ప్లానస్ అని, అంటే నోటి పొరకి వచ్చే ఒక దీర్ఘకాలపు వాపు జబ్బని తేలింది, క్యాన్సర్ కణాలు లేవు. స్టెరాయిడ్ జెల్ రాసుకోమన్నారు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నారు. మొదటి సీసా వల్ల ఆమెకి పోయింది పదమూడు రోజుల నిద్ర, మిగిలింది ఒక కుట్టు మచ్చ.