మోకాలి చిప్ప నొప్పి: గుజ్జు సంగతి, కరెంట్ సంగతి

అనంతపురంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. కుర్చీలో కూర్చోకముందే సగం మంది చెప్పే మాట ఒకటే: "సార్, గుజ్జు అరిగిపోయిందంట." మొన్న ఈ మాట అన్న పిల్లోడికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ సెలెక్షన్లో 1600 మీటర్ల పరుగుందని, అప్పటిదాకా బస్టాండుకు కూడా బండి మీదే పోయేవాడు ఉన్నట్టుండి రోజూ తెల్లారుజామున గ్రౌండ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మూడో వారానికి మెట్లు దిగలేకపోయాడు. గుజ్జు అరగడానికి మూడు వారాలు చాలవు కదా!

నేను చెప్పేది మోకాలి చిప్ప చుట్టూ, చిప్ప వెనకాల వచ్చే నొప్పి గురించి. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు, కర్నూలు దాకా బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు సలుపుతుందే, అది.

అపోహ: నొప్పి వచ్చిందంటే గుజ్జు అరిగినట్టే.

జనం గుజ్జు అనేది కార్టిలేజ్‌ని. దానికి నరాలే లేవు, కాబట్టి నొప్పి నేరుగా అక్కణ్నుంచి రాదు. కింది ఎముక, కీలు లోపలి పొర, చిప్ప కింద ఉండే కొవ్వు మెత్త, ఇవి ఒత్తిడి తట్టుకోలేక గోల పెడతాయి. మామూలుగా నడిస్తే చిప్ప మీద పడే భారం మన ఒంటి బరువును పెద్దగా దాటదు. మెట్లెక్కి దిగేటప్పుడు సుమారు మూడు రెట్లవుతుంది, పూర్తిగా గొంతుక్కూర్చుంటే ఏడెనిమిది రెట్ల దాకా పోతుంది. తొడ ముందు కండ, పిరుదు కండ ఆ భారానికి అలవాటు పడకముందే మనం ఒక్కసారిగా పెంచేస్తాం, అక్కడ మొదలవుతుంది గొడవ. ఎమ్మారై రిపోర్టులో 'కాండ్రోమలేసియా' (గుజ్జు మెత్తబడటం) అన్న మాట చూసి రాత్రంతా నిద్రపోకుండా టెన్షన్ పడినవాళ్లను చూశాను. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా అలాంటి మార్పులు చాలామందిలో కనిపిస్తాయి. అసలీ నొప్పికి మొదట్లోనే ఎమ్మారై అక్కర్లేదు, చేత్తో పరీక్షించి, రెండు గుంజీలు తీయించి చూస్తే చాలావరకు తేలిపోతుంది. వయసు మళ్లినవాళ్లలో కీలు అరుగుదల నిజంగానే ఉండొచ్చు, కాదనను. వాళ్లకూ కండ బలం పెంచడమే ముందు వైద్యం.

బెండకాయ నీళ్లు, మేక కాళ్ల సూపు తాగితే గుజ్జు పెరుగుతుందంటారు. పెరగదు. బెండకాయలో జిగురుంది, నిజమే, అది కడుపులోకి పోతుంది, మోకాలికి కాదు. సూపు మాత్రం రుచికోసం తాగండి.

అపోహ: మోకాలు కటకటమంటే లోపల ఎముకలు రాసుకుంటున్నట్టు.

నొప్పి, వాపు లేకుండా ఉత్త శబ్దమే వస్తుంటే వదిలేయండి. నా మోకాళ్లూ అంటాయి.

అపోహ: పది రోజులు కరెంట్ పెట్టించుకుంటే పోతుంది.

దీన్ని పెంచి పోషించింది మేమే, అందులో నేనూ ఉన్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో వచ్చినవాళ్లందరికీ అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, నొప్పికి పెట్టేది), ఐఎఫ్‌టీ (సన్నగా కరెంట్ పంపేది) మిషన్లు పెట్టి పంపేవాణ్ని, పడుకున్నంతసేపు వాళ్లకు హాయిగా ఉండేది, రెండు వారాలకు అదే నొప్పితో మళ్లీ వచ్చేవాళ్లు. ఇప్పుడు మిషన్ పక్కనబెట్టి వ్యాయామం చెప్తే "కరెంట్ పెట్టరా సార్, మరి ఫీజెందుకు?" అని ముఖం మీదే అడుగుతారు. ఈ నొప్పికి గట్టి ఆధారం ఉన్నది తొడ, తుంటి కండల వ్యాయామానికే. చిప్పకు టేపు వేస్తే కొన్నాళ్లు తేలిగ్గా ఉంటుంది, వ్యాయామం చేసుకోడానికి పనికొస్తుంది, అంతవరకే. మెడికల్ షాపులో కొనే నీ-క్యాప్ కూడా అంతే.

బళ్లో సారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? అదే వేయండి, కాకపోతే అంత కిందికి దిగకుండా సగంలోనే ఆగి, అరనిమిషం చొప్పున నాలుగైదు సార్లు. పక్కకు పడుకుని పైకాలు మోకాలి దగ్గర మడవకుండా లేపడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం, తర్వాత తక్కువ ఎత్తున్న మెట్టు మెల్లగా ఎక్కి దిగడం. చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాటికి తగ్గిపోవాలి, తగ్గకపోతే ఎక్కువ చేశారని లెక్క. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "ఏం తగ్గలేదు సార్" అని ఫోన్ చేయొద్దు.

అపోహ: నొప్పి ఉంటే కదలకుండా మంచం మీద ఉండాలి.

కదలకపోతే తొడ పల్చబడుతుంది, మళ్లీ పని మొదలుపెట్టిన రోజే నొప్పి తిరిగొస్తుంది. ఆ పిల్లోడికి పరుగు మానమనలేదు, సగానికి తగ్గించమన్నాను, రోజు విడిచి రోజు. శనక్కాయ చేలో కలుపు తీసే అక్కలకు పని మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, కూలి ఎవరిస్తారు? ఒకే తీరున గంటలు గొంతుక్కూర్చోకుండా మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమంటాను, కాసేపు వంగి, కాసేపు నేల మీద కూర్చుని తీయమంటాను.

తాడిపత్రి, బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీలది వేరే కథ. రోజంతా మోకాళ్ల మీదే ఆని పనిచేయడంతో చిప్ప పైన మెత్తగా నీటిసంచిలా ఉబ్బుతుంది. మోకాళ్ల కింద మందపాటి ప్యాడ్ కట్టుకోవాలి. అది ఎర్రబడి, వేడెక్కి, జ్వరమొస్తే చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి.

పదీ పదిహేనేళ్ల మధ్య ఆటలాడే పిల్లలకు చిప్ప కింద ఎముక బొడిపెలా లేచి నొక్కితే నొప్పెడుతుంది. ఎదిగే ఎముకను తొడ కండ లాగడం వల్ల వచ్చేది అది, ఆట తగ్గిస్తే కుదురుకుంటుంది. అయితే రాత్రుళ్లు నొప్పితో లేస్తున్నా, మోకాలు వాచినా, బిగుసుకుపోయి చాపలేకపోతున్నా, కింద పడ్డాక కాలు మోపలేకపోతున్నా ఆలస్యం చేయొద్దు. ఇంకోటి, పిల్లలు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటిని కూడా చూడమని డాక్టరుతో చెప్పండి. తుంటిలో లోపమున్నా నొప్పి మోకాలి దగ్గరే తెలుస్తుంది, మోకాలికి ఎక్స్‌రే తీసి బాగుందని పంపిస్తే అసలుది అక్కడే ఉండిపోతుంది.