చేపలు పడే చోట్ల నోటుబుక్కు: అపోహలు, వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా కరీంనగర్ చుట్టుపక్కల చెరువుల మీద, లోయర్ మానేరు డ్యామ్ నీళ్ల అంచున గాలం వేస్తున్నాను. మొదటి ఆరేళ్లు ఒక్క ముక్క రాసుకోలేదు, అన్నీ గుర్తుంటాయనుకున్నాను. తర్వాత మొదలుపెట్టిన నోటుబుక్కులు ఇప్పటికి నాలుగయ్యాయి. కొత్తగా గాలం పట్టిన తమ్ముళ్ల నోట, అనుభవమున్న అన్నల నోట కూడా కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. నా పేజీలు వాటితో ఎక్కడ ఒప్పుకోవడం లేదో చెబుతాను.

అపోహ: ఒకసారి చేప దండిగా పడిన చోటు ఎప్పటికీ మంచి చోటే.

అన్నిటికన్నా ఎక్కువ పొద్దు వృథా చేయించేది ఈ నమ్మకమే. వానాకాలంలో నిండి మత్తడి దూకిన చెరువు యాసంగి పంటకు నీళ్లు వదిలాక ఎండాకాలానికి సగానికి దిగిపోతుంది. లోయర్ మానేరు నిండు మట్టం 920 అడుగులు. నీరు 918 దగ్గర ఉన్నప్పుడు 12 అడుగుల లోతున్న చోట మీకు నాలుగు రవ్వ చేపలు పడ్డాయనుకోండి. నీరు 910కి దిగితే అదే చోట మిగిలేది 4 అడుగులు. 906కి దిగితే అక్కడ గొర్లు మేస్తుంటాయి. నాగార్జునసాగర్‌లోనైతే నిండు మట్టం 590, కనీస మట్టం 510. ఆ 80 అడుగుల తేడాలో నీటి అంచు ఎంత దూరం జరుగుతుందో ఒడ్డున నిలబడి చూసినవాళ్లకు తెలుసు.

అందుకే నేను చేప పేరు కన్నా ముందు నీటిమట్టం రాస్తాను. పెద్ద డ్యామ్‌ల మట్టాలు వానాకాలంలో రోజూ పేపర్లో వస్తాయి. ఊరి చెరువుకు ఆ సౌకర్యం ఉండదు కాబట్టి తూము మెట్లు లెక్కపెడతాను. ‘ఆరు మెట్లు బయట’ అని రాసుకుంటే చాలు. మళ్లీ ఏడాది వెళ్లేటప్పుడు నేను వెతికేది అదే తేదీ పేజీని కాదు, అవే ఆరు మెట్ల పేజీని. వాన ముందొచ్చిన ఏడాది, వెనకొచ్చిన ఏడాది తేదీలు కలవవు. మెట్లు మాత్రం కలుస్తాయి.

చెరువు అడుగు కూడా మారుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల్లో పూడిక తీశారు. నేను ఎక్కువగా వెళ్లే ఒక చెరువులో ఎండాకాలమంతా ట్రాక్టర్లు మట్టి తోలాయి. నీళ్లొచ్చాక చూస్తే నా పాత లెక్కలేవీ పనిచేయలేదు. సమంగా ఉండే అడుగు గుంతలు గుంతలైంది. పాత పేజీల మీద అడ్డగీత కొట్టి, తేదీ వేసి, మొదటి నుంచి రాసుకున్నాను. ఆ గుంతలను ఇప్పుడు ఎర్ర సిరాతో గుర్తుపెడుతున్నాను. మోకాళ్ల లోతనుకుని దిగినవాళ్లు నిలువులోతులో పడే చోట్లవి. చేప పడినా పడకపోయినా, మీ పుస్తకంలో ఇవి తప్పకుండా ఉండాలి. పిల్లల్ని వెంట తీసుకెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

చెరువు అడుగు చూడాలంటే నీరు దిగిన ఏప్రిల్, మే నెలలే మంచివి. ఆ రోజుల్లో నేను గాలం ఇంట్లో పెట్టి, పుస్తకం పట్టుకుని నీరు దిగి బయటపడ్డ శిఖం భూమిలో తిరుగుతాను. పాత వాగు గాడి ఎటు పోతోంది, తుమ్మ మొద్దులు ఎక్కడున్నాయి, రాళ్ల కుప్పలు ఎక్కడున్నాయి, అన్నీ కళ్లముందే ఉంటాయి. కట్ట మీది వేపచెట్టు నుంచి ఎన్ని అడుగులో నడిచి కొలుస్తాను. ఆ ఒక్క పొద్దులో తెలిసేది రెండు వానాకాలాలు గాలం వేసినా తెలియదు.

అపోహ: ఫోన్ మ్యాప్‌లో చోటుకు పిన్ పెట్టుకుంటే సరిపోతుంది.

పిన్ నేనూ పెడతాను. కానీ పైన ఆకాశం బాగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మునిగిన మొద్దు పక్కన వేయాల్సిన ఎర 5 మీటర్లు పక్కకు పడితే రోజంతా కూర్చున్నా నీటి మీద తేలే బెండు కదలకపోవచ్చు. పైగా ఆ పిన్ మీరు నిలబడ్డ చోటును చూపిస్తుంది, ఎర పడ్డ చోటును కాదు. నేను అవతలి ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు గుర్తులు చూసుకుంటాను: తాటిచెట్టు, దాని వెనక గుట్ట కొన. ఆ రెండూ ఒకే గీతలోకి వచ్చేలా నిలబడి వేస్తాను. దూరానికి గాలం దారం, అంటే తంగూసు మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుంటాను. సముద్రం మీద మన మత్స్యకారులు కొండల్ని గుర్తుగా పెట్టుకుని వేట చోటు పట్టేదీ ఇలాగే.

అపోహ: చేప పడని రోజు గురించి రాయడానికేముంది?

ఉత్త చేతులతో వచ్చిన రోజు రాయకపోతే మిగతా పేజీలు అబద్ధం చెబుతాయి. ఒక చెరువులో తూము పక్క చోటు నా లెక్కల్లో చాలా గొప్పగా కనిపించేది, అక్కడ పడినవి 14 చేపలు. కూర్చున్న గంటలు కూడా రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి తెలిసింది. దారి దగ్గరని ప్రతిసారీ అక్కడే కూర్చునేవాణ్ని. గంటల లెక్కన చూస్తే వాగు కలిసే మూల దానికి రెండింతలు మెరుగు. చేపలతో పాటు గంటలూ రాయండి.

అపోహ: లోతు ఎక్కువుంటే చేప ఎక్కువ. తెల్లవారుజామునే బాగా పడుతుంది.

ఏ చేప కోసం వెళ్తున్నామో చెప్పకుండా లోతు గురించి మాట్లాడి లాభం లేదు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రవ్వ మధ్యలో, మృగాల అడుగున. కొర్రమీను గాలి పీల్చే చేప. తుంగ, తామర మధ్య మోకాలి లోతులో కూడా ఉంటుంది. ఎండాకాలంలో లోతైన చోట అడుగు బురదలో ఆకు, నాచు కుళ్లి ఆక్సిజన్ తగ్గిపోతే అక్కడ చేప నిలవదు.

ఇక తెల్లవారుజాము సంగతి. నీళ్లు పచ్చగా నాచుతో చిక్కగా ఉన్న చెరువులో రాత్రంతా ఆ నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. కాబట్టి పొద్దు పొడిచే వేళకే అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటాయి, ఎర ముట్టవు. అలాంటి నీళ్లలో నాకు ఎండ ఎక్కాక, తొమ్మిది దాటాకే బెండు కదులుతుంది. అందుకే నీటి రంగు, గాలి ఎటు వీస్తోంది అన్నవి కూడా రాస్తాను. గాలి తోసే ఒడ్డున అలలు కొట్టి నీళ్లలో గాలి కలుస్తుంది, మేత కూడా అటే కొట్టుకొస్తుంది.

అమావాస్యకు చేప పడదన్న మాటకు నా నాలుగు పుస్తకాల్లో ఏ ఆధారమూ దొరకలేదు.

అపోహ: మంచి చోట్లు రాసిపెడితే నలుగురికీ తెలిసి చెరువు ఖాళీ అవుతుంది.

ఈ భయంలో కొంత నిజముంది. చెరువులో చేప మీద హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిది. చేపపిల్లల్ని వదిలేదీ, కాపాడేదీ వాళ్లే. వాళ్లనడగకుండా గాలం వేయడం తప్పు, వాళ్ల చెరువులోని చోటును ఫోటోతో సహా వాట్సాప్‌లో పెట్టడం ఇంకా తప్పు. నా పుస్తకం మొదటి పేజీలో ఏ చెరువుకు ఎవరిని అడగాలో రాసి ఉంటుంది. వెళ్లినప్పుడల్లా అడుగుతాను.

రాసుకుని కూడా ఎవరికీ చూపించని పేజీలు కొన్నున్నాయి. వానాకాలంలో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటి పైన తిరుగుతుంటే, కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది, కాబట్టి గాలానికి ఇట్టే చిక్కుతుంది. అది పోతే ఆ గుంపును జెల్లలు, కొంగలు మిగల్చవు. ఆ చోట్లను చుక్కల గీతతో చుట్టి పక్కన తేదీ వేస్తాను. ఆ పిల్లలు ఎదిగి చెదిరిపోయేదాకా ఆ మూలకు వెళ్లను.