ఫొటో పెడితే వాళ్ళదైపోతుందా? స్టూడియోలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరులో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసుకుంటూ బతికే ఫొటోగ్రాఫర్‌ని. ఈ మధ్య కెమెరా రేటు అడిగేవాళ్ళ కన్నా "ఇన్‌స్టాలో పెడితే ఫొటో వాళ్ళదైపోద్దంట కదన్నా" అనేవాళ్ళే ఎక్కువ.

అపోహ: అప్‌లోడ్ చేస్తే హక్కు కంపెనీకి పోతుంది.

పోదు. మీ కంటెంట్ మాది కాదని ఇన్‌స్టాగ్రామ్ షరతుల్లోనే ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా హక్కును ఇంకొకరికి బదలాయించాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కానీ షరతుల్లో ఆ తర్వాతి వాక్యం చాలామంది చదవరు. ప్రపంచమంతటా, రూపాయి ఇవ్వకుండా మీ ఫొటోని వాడుకోవడానికి, కాపీ చేయడానికి, మార్చడానికి, ఆ అనుమతినే వేరేవాళ్ళకు ఇవ్వడానికి మీరు లైసెన్స్ ఇస్తున్నారు. ఎలాగంటే, రొయ్యల గుంట పాసుబుక్కు మీ పేరు మీదే ఉంది, కానీ లీజు డబ్బు లేకుండా సాగు చేసుకోమని, కావాలంటే ఇంకొకరిని దించుకోమని ఒకరికి కాగితం రాసిచ్చారు. అదే గుంటలో మీరూ సాగు చేసుకోవచ్చు. ఆ షరతుల్లో కనిపించే 'నాన్ ఎక్స్‌క్లూజివ్' అనే మాటకి అర్థం అంతే.

అంత అనుమతి దేనికంటే, మీ ఫొటో దుబాయ్‌లో ఉన్న బావగారి ఫోన్‌లో కనపడాలన్నా సర్వర్లలో కాపీలు తీయాలి, సైజు తగ్గించాలి. చట్టం దృష్టిలో అదీ కాపీ చేయడమే. అయితే రాసుకున్న మాటలు ఆ అవసరం కన్నా చాలా వెడల్పుగా ఉన్నాయనేది నా అభిప్రాయం.

అపోహ: "నా ఫొటోలు వాడటానికి అనుమతి ఇవ్వడం లేదు" అని పోస్టు పెడితే చాలు.

2012 నుంచీ తిరుగుతున్న మెసేజ్ ఇది. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి, ఇంటి గోడ మీద 'నేను కట్టను' అని రాసుకున్నట్టుంటుంది.

అపోహ: నెట్‌లో దొరికింది ఎవరైనా వాడుకోవచ్చు.

రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు నీళ్ళల్లో చదువు రొట్టె పట్టుకున్న రెండు చేతులు తీశాను. తెల్లారుజామున, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి. మరుసటి ఏడాది ఆ చేతులే ఒక ట్రావెల్స్ వాళ్ళ ఫ్లెక్సీ మీద కనిపించాయి. అడిగితే "ఫేస్‌బుక్‌లో ఉండింది గదా అబ్బయా" అన్నాడాయన. నేను లైసెన్స్ ఇచ్చింది ఫేస్‌బుక్‌కి, ఆయనకి కాదు. షేర్ బటన్ నొక్కడం వేరు, డౌన్‌లోడ్ చేసి ఫ్లెక్సీ కొట్టించడం వేరు. నా ఒరిజినల్ ఫైలు, అందులో తీసిన తేదీ చూపించాక ఫ్లెక్సీ దిగింది. డబ్బులు మాత్రం రాలేదు.

డానియెల్ మొరెల్ అనే హైతీ ఫొటోగ్రాఫర్‌కి వచ్చాయి. 2010లో హైతీ భూకంపం ఫొటోలు ఆయన ట్విట్టర్‌లో పెడితే ఏఎఫ్‌పీ అనే వార్తాసంస్థ, గెట్టీ అనే ఫొటోల సంస్థ వాటిని పంపిణీ చేశాయి. ట్విట్టర్ షరతులే మాకు లైసెన్స్ అనే వాదన న్యూయార్క్ కోర్టులో నిలవలేదు. 2013లో జ్యూరీ 12 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలంది. మన దగ్గర కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. క్లిక్ కొట్టగానే కాపీరైట్ పుడుతుంది.

అపోహ: తీసింది నేను కాబట్టి పెళ్ళి ఫొటోలు నావే.

ఇది మా ఫొటోగ్రాఫర్ల అపోహ. ఈ మాట ఎత్తితే మావాళ్ళకే కోపం. చట్టంలోని 17వ సెక్షన్ చూడండి. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వీడియోకి మొదటి యజమాని తీయించుకున్నవాళ్ళే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. రొట్టెల ఫొటో నాది, పెళ్ళి ఆల్బమ్ పెళ్ళివాళ్ళది. నాది కానిదానికి ఇన్‌స్టాకి లైసెన్స్ ఎలా ఇస్తాను? నేనూ ఇచ్చాను ఒకప్పుడు. ఒక పెళ్ళికూతురి రీల్ పెట్టిన రాత్రి వాళ్ళ నాన్న ఫోన్ చేసి "మా పిల్ల మొహం మీ షాపు ప్రచారానికా?" అన్నారు. సమాధానం లేదు. అప్పట్నుంచి ఆర్డర్ ఫారంలో ఒక లైన్ చేర్చాను. ఏయే ఫొటోలు, ఏ పేజీలో పెట్టొచ్చో వాళ్ళే టిక్ పెట్టి సంతకం చేస్తారు. సగం మంది టిక్ పెట్టరు.

పాటల సంగతీ ఇదే. పెళ్ళి ఊరేగింపులో పాట వేసుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది, అదే పాట అతికించి స్టూడియో పేజీలో పెట్టే రీల్‌కి అది వర్తించదు.

అపోహ: డిలీట్ చేస్తే అంతా పోతుంది.

వాళ్ళ సిస్టమ్‌లోంచి తీసేశాక ఇన్‌స్టా లైసెన్స్ ముగుస్తుంది. ఆ తీసేయడానికే 90 రోజుల దాకా పట్టొచ్చు. ఆలోగా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళ ఫోన్లలోది ఎవరూ తుడవరు. ఆ పెళ్ళికూతురి రీల్ పది నిమిషాల్లో తీసేశాను. వారం తర్వాత మా బంధువుల గ్రూపులోనే నాకు తిరిగొచ్చింది.