పిల్లల దురదకు ప్రతిసారీ తిండే కారణం కాదు

అపోహ: ఒంటి మీద దురద లేచిందంటే ఏదో తిన్నది పడలేదు.

వాస్తవం: వరంగల్‌లో అలర్జీ పరీక్షలు చేసే మా దగ్గరికి వచ్చేసరికే చాలామంది పిల్లలకు వంకాయ, గుడ్డు, చేపలు, ఒక్కోసారి పాలు కూడా బంద్ అయిపోయి ఉంటాయి. ఎదిగే వయసులో గుడ్డు, పాలు మాన్పించడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. తిండి పడకపోతే సాధారణంగా రెండు గంటల లోపే దద్దుర్లు లేస్తాయి, కొన్ని గంటల్లో అణిగిపోతాయి. చర్మానికి తాకిన వస్తువుతో వచ్చే అలర్జీ అలా ఉండదు. ఎక్కువగా తాకిన చోటే వస్తుంది, ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది, వారాల తరబడి వేధిస్తుంది. ఆదివారం పెళ్లికి పెట్టిన కమ్మల వల్ల మంగళవారం చెవి రసి కారితే ఆ కమ్మలు ఎవరికీ గుర్తుకు రావు.

అందుకే ముందు మచ్చ ఎక్కడుందో చూడండి. చెవి తమ్మెల మీదైతే కమ్మలు, బొడ్డు కిందైతే ప్యాంటు బటన్, నడుం చుట్టూ అయితే మొలతాడుకు కట్టిన బిళ్ల, పాదం పైనైతే చెప్పుల రబ్బరు లేదా తోలు. కనురెప్పల మీదైతే గోళ్ల రంగును కూడా అనుమానించాలి, పిల్లలు ఆ వేళ్లతోనే కళ్లు నలుపుకుంటారు కదా.

అపోహ: ఎప్పటినుంచో వేసుకుంటున్నదే, ఇప్పుడెందుకు పడదు?

వాస్తవం: ఈ అలర్జీ పుట్టుకతో రాదు. పదేపదే తాకుతూ ఉంటే ఒక దశలో శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత కొంచెం తాకినా చాలు. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది నికెల్ అనే లోహంతో వచ్చే అలర్జీ. జర్మన్ సిల్వర్ పట్టీల్లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ ఉంటాయి. చెమట నికెల్‌ను బయటికి లాగుతుంది కాబట్టి ఎండాకాలంలో బాధ ఎక్కువ. యూరోపియన్ యూనియన్ 1994లోనే నగలు, బటన్ల నుంచి వెలువడే నికెల్‌కు హద్దు పెట్టింది. ఇక్కడ ఆ జాగ్రత్త కొనేవాళ్లే తీసుకోవాలి.

అపోహ: ఆకులు, పూలు ఏమీ చేయవు.

వాస్తవం: చెట్టు నుంచి కోసి రుబ్బిన గోరింటాకుతో ఇబ్బంది అరుదు. నల్లగా పండే కోన్లలో మాత్రం జుట్టు రంగులో వాడే పారాఫినైలిన్ డయమైన్ కలిపి ఉండవచ్చు. అది పడకపోతే పెట్టిన డిజైన్ ఆకారంలోనే పొక్కులు లేస్తాయి, ఆ అలర్జీ చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. దిష్టికి వాడే నల్లజీడి రసమూ అంతే, చర్మాన్ని పొక్కిస్తుంది. ఇక వయ్యారిభామ అనే కలుపు మొక్క మన పొలం గట్ల నిండా ఉంది. బంతి, చామంతి దాని కుటుంబానివే. ఆ మొక్క పడని పిల్లలకు ఈ పూలు కూడా పడకపోవచ్చు. బతుకమ్మ పేర్చడం మాన్పించమని కాదు, ఆ పిల్లల చేతికి గునుగు, తంగేడు ఇవ్వండి.

అపోహ: చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ అంటే ఒళ్లంతా సూదులు. దానికంటే రక్తపరీక్ష నయం.

వాస్తవం: ఇందులో సూదే లేదు. 1895లో యాడసోన్ అనే జర్మన్ వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో పెట్టి టేపుతో వీపుకు అంటిస్తాం. 48 గంటలకు తీసి చూస్తాం, మళ్లీ 72 లేదా 96 గంటలకు చూస్తాం. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చేవాళ్లు రెండోసారి రాకుండా ఆగిపోతుంటారు. దయచేసి అలా చేయకండి, కొన్ని అలర్జీలు అప్పుడే కనిపిస్తాయి. రక్తంలో చూసే ఐజీఈ (తిండి లాంటివి పడక వెంటనే వచ్చే అలర్జీల్లో పెరిగే ప్రోటీన్) పరీక్ష ఈ రకం అలర్జీని పట్టుకోలేదు.

చిన్న పిల్లల వీపు చిన్నది కాబట్టి అవసరమైనవే ఎంచి పెడతాం. వీపు తడవకూడదు, చెమటకు టేపు ఊడిపోతుంది, అందుకని మే నెలలో వద్దంటాను. సెట్రిజిన్ లాంటి దురద మాత్రలు ఆపనక్కర్లేదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, వీపుకు క్రీము రాస్తున్నా ముందే చెప్పాలి.

అపోహ: మెడికల్ షాపు ట్యూబుతో తగ్గింది, ఇక టెస్టు ఎందుకు?

వాస్తవం: ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, మచ్చను కొన్నాళ్లు అణిచిపెడుతుంది. కొన్నింటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తానే అలర్జీ తెప్పించగలదు. కాబట్టి టెస్టుకు వచ్చేటప్పుడు చెప్పులు, కమ్మలు, నూనెతో పాటు ఆ ట్యూబు కూడా తీసుకురండి.