ఏఎండీ64 ఫైల్ ఇంటెల్ ల్యాప్‌టాప్‌కు పనికిరాదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫైల్ పేరులో ఏఎండీ64 అని ఉంటే అది ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీ ప్రాసెసర్లకే.

అనంతపురంలో మా రిపేర్ షాపుకు వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. "అన్నా, నాది ఇంటెల్ ఐ5. ఉబుంటు లైనక్స్ డౌన్‌లోడ్ చూస్తే ఏఎండీ64 అని ఉంది, ఎట్లా?" ఆ ఫైలే వేసుకోవాలి.

ఇంటెల్ 1978లో తెచ్చిన 8086 చిప్ వంశానికే ఎక్స్86 అని పేరు. 1985లో 80386తో అది 32 బిట్లకు చేరింది (బిట్లంటే చిప్ ఒక్కసారికి పట్టుకునే సంఖ్య పొడవు). 64 బిట్ల కోసం ఇంటెల్ ఐటానియం అనే వేరే దారి వెతుక్కుంది. ఏఎండీ మాత్రం పాత ఎక్స్86నే 64 బిట్లకు పెంచి 2003లో ఆప్టెరాన్ చిప్‌ను అమ్మకానికి పెట్టింది. ఉన్న ప్రోగ్రాములన్నీ దాని మీద హాయిగా నడిచాయి, మార్కెట్ అటే మొగ్గింది. మరుసటి ఏడాది ఇంటెల్ కూడా అదే దారికి వచ్చింది. కనిపెట్టినవాళ్ల పేరు మాత్రం ఫైళ్ల మీద ఉండిపోయింది. లైనక్స్ రకాల్లో డెబియన్, ఉబుంటు వాళ్లు ఏఎండీ64 అంటారు, ఫెడోరా వాళ్లు ఎక్స్86_64 అంటారు, మైక్రోసాఫ్ట్ ఎక్స్64 అంటుంది. మూడూ ఒకటే. ఐఏ64 అని కనిపిస్తే మాత్రం అది ఐటానియంది, ముట్టుకోవద్దు.

అపోహ: 64 కంటే 86 పెద్దది కాబట్టి ఎక్స్86 మేలు.

నవ్వకండి, ఇలా అనుకుని 32 బిట్ విండోస్ వేసుకున్నవాళ్లు ఉన్నారు. 86 అన్నది బిట్ల లెక్క కాదు, ఆ పాత చిప్ నంబర్ తోక. డౌన్‌లోడ్ పేజీల్లో ఎక్స్86 అని విడిగా రాస్తే 32 బిట్ అనే అర్థం. అది 8 జీబీ ర్యామ్ ఉన్నా 4 జీబీకి మించి వాడుకోలేదు. ర్యామ్ పోయిందని టెన్షన్ పడేముందు సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. ప్రాసెసర్ ఎక్స్64, ఓఎస్ 32 బిట్ అని ఉంటే ఓఎస్ మారిస్తే చాలు. కాకపోతే అది అప్‌గ్రేడ్‌తో కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ముందు డేటా బ్యాకప్ తీసుకోండి.

అపోహ: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్ అనవసరం.

తీసేస్తే విండోస్ లేవదు. అందులో ఉన్నవి 64 బిట్ ఫైళ్లే. 32 బిట్ ఫైళ్లేమో సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటాయి! పాత ప్రోగ్రాములు సిస్టమ్32 అనే పేరుతోనే వెతుక్కుంటాయని దాన్ని మార్చలేదు.

అపోహ: 64 బిట్ అని ఉంటే చాలు.

చాలదు. ఆర్మ్64, ఏఆర్చ్64 అన్నవి ఇంకో జాతి చిప్‌ల పేర్లు. ఇప్పటి ఫోన్లలో, 2020 నుంచి వచ్చిన ఆపిల్ ఎం1 లాంటి చిప్‌లలో ఉండేది అదే. ఏఎండీ64 ఐఎస్ఓ (ఓఎస్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వాటి మీద బూట్ కాదు. లైనక్స్‌లో 'యూనేమ్ -ఎం' కమాండ్ కొడితే ఏ జాతో తెలుస్తుంది. అయితే అది చెప్పేది కెర్నెల్, అంటే ఓఎస్ గుండెకాయ సంగతే. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌లో ఏఆర్చ్64 అని చూపించినా పైన ప్రోగ్రాములన్నీ 32 బిట్‌వి అయి ఉండొచ్చు. అక్కడ ఏ ప్యాకేజీ దింపాలో 'డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్' చెబుతుంది.