వర్ణవివక్ష పాలనలో యజమానులు, కార్మికులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష 1948లో గెలిచిన నేషనల్ పార్టీ సృష్టి, వ్యాపారవర్గాలు దానికి తలవంచాయి, అంతే.

వాస్తవం: కార్మిక చరిత్ర బోధించే నాకు తరచుగా ఎదురయ్యే మాట ఇది. చౌక కూలీని సమకూర్చే ఏర్పాటు అంతకు అర్ధశతాబ్దం ముందే మొదలైంది. 1894లో గ్లెన్ గ్రే చట్టం తెచ్చి, గ్లెన్ గ్రే జిల్లాలో ఊరు దాటి కూలికి వెళ్లని ఆఫ్రికన్ పురుషులపై 10 షిల్లింగుల పన్ను విధించిన కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్, డి బీర్స్ వజ్రాల సంస్థకు కూడా అధిపతే. 1913 భూమి చట్టం నల్లజాతివారికి దేశ విస్తీర్ణంలో సుమారు 7 శాతమే మిగిల్చింది. కూలీల కోసం గనులు పోటీపడితే కూలి పెరుగుతుందని, గని యజమానుల సంఘమైన ఛాంబర్ ఆఫ్ మైన్స్ నియామకాలను తన చేతిలోకి తీసుకుంది. భార్యాబిడ్డలను ఊళ్లోని సేద్యమే పోషిస్తుందన్న లెక్కతో, కాంపౌండ్లలో (గనుల దగ్గరి మూసిన వసతి ఆవరణల్లో) ఉంచిన కార్మికుడికి ఒంటరి మనిషికి సరిపడేంత కూలి మాత్రమే ఇచ్చారు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే, 1969లో బంగారు గనుల్లోని నల్లజాతి కార్మికుడి కూలి 1911 నాటికంటే ఎక్కువేమీ కాదు.

అపోహ: వివక్ష వల్ల యజమానులకు నష్టమే జరిగింది.

వాస్తవం: నైపుణ్యం గల పనులను తెల్లవారికే కేటాయించడం కొన్ని పరిశ్రమలకు భారమైన మాట నిజమే. 1997 నవంబరులో, వర్ణవివక్ష కాలపు అకృత్యాలపై ఏర్పాటైన ట్రూత్ కమిషన్ విచారణలో పలు సంస్థలు ఈ వాదనే వినిపించాయి. అయితే వలస కార్మిక విధానాన్ని తీర్చిదిద్దడంలో గనుల పరిశ్రమ పాత్ర ఉందని కమిషన్ తేల్చింది. నా అభిప్రాయమూ అదే. 1952 తర్వాత నల్లజాతి కార్మికుడు వెంట ఉంచుకోవలసిన గుర్తింపు, అనుమతి పత్రమైన పాస్ పుస్తకంలో నెలనెలా సంతకం చేయవలసింది యజమాని. ఆ సంతకం లేని పుస్తకంతో పోలీసుకు దొరికితే అరెస్టే.

అపోహ: కార్మికులంతా ఒకే పక్షాన నిలిచారు.

వాస్తవం: 1922లో జొహన్నెస్‌బర్గ్ చుట్టూ ఉన్న బంగారు గనుల ప్రాంతం రాండ్‌లోని తెల్ల గని కార్మికులు, తమ స్థానంలో తక్కువ కూలికి నల్లవారిని పెడతారని తిరగబడ్డారు. యజమానులు, కార్మికుల వివాదాల పరిష్కారానికి తెచ్చిన 1924 చట్టమైతే పాస్ మోసే ఆఫ్రికన్లను ‘ఉద్యోగి’ నిర్వచనం నుంచే తప్పించింది. 1860 నుంచి మద్రాసు ఓడల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా చేరిన తమిళుల, తెలుగువారి చరిత్ర కూడా ఈ కార్మిక చరిత్రలో భాగమే.

1973 జనవరిలో డర్బన్‌లో ఇటుకల కర్మాగారంతో మొదలైన సమ్మెలు బట్టల మిల్లులకు పాకాయి. ప్రతినిధులను పంపమని యాజమాన్యాలు అడిగితే, వారిని ఏరి అరెస్టు చేస్తారని తెలిసిన కార్మికులు ఎవరినీ ఎన్నుకోలేదు. అందరూ గుంపుగానే నిలబడి అడిగారు. నల్లజాతి సంఘాలకు చట్టబద్ధ గుర్తింపు 1979లో వచ్చింది.