మైదానాన్ని సుత్తితో కొలుస్తారు

పిల్లలూ,

వేసవిలో స్కూల్ గ్రౌండ్‌లో కబడ్డీ ఆడితే మోకాళ్లు నొప్పెడుతున్నాయని రాశారు. నొప్పికి కారణాలు చాలా ఉంటాయి గానీ నేల సంగతి మాత్రం తప్పకుండా చూడాలి. నేల గట్టిదనాన్ని అంకెల్లో కొలవొచ్చని మీకు తెలుసా?

కాలు నేలను తాకినప్పుడు నేల కాస్త నొక్కుకుంటే ఒంటి వేగం మెల్లగా తగ్గుతుంది. నొక్కుకోకపోతే ఒక్కసారిగా ఆగిపోవాలి. ఆ దెబ్బంతా కీళ్ల మీద పడుతుంది.

ఈ ఆగడాన్ని కొలిచే పరికరమే క్లెగ్ సుత్తి. 1970లలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బేడన్ క్లెగ్ అనే ఇంజనీరు దీన్ని రోడ్ల కోసం తయారుచేశారు. తారు వేసేముందు కింది పొర సరిగ్గా గట్టిపడిందా లేదా చూడటానికన్నమాట. తర్వాత ఆటస్థలాల వాళ్లు అందుకున్నారు. నిలువు గొట్టంలో గుండ్రటి సుత్తి ఉంటుంది, మైదానాలకు ఎక్కువగా వాడేది 2.25 కిలోలది. 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లు. అది ఎంత హఠాత్తుగా ఆగిందో లోపలి సెన్సర్ పసిగట్టి, గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లో చెబుతుంది. అందులో గరిష్ఠ విలువే జీ-మ్యాక్స్. అమెరికాలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానాల్లో ఇది 100 లోపే ఉండాలి. ఆటగాళ్ల తల నేలకు కొట్టుకునే ఆట మరి!

ఒక్కచోట కొలిచి ఊరుకోరు. అందరూ తొక్కే గోల్ ముందు ఒక అంకె, గడ్డి దట్టంగా ఉన్న అంచున ఇంకో అంకె వస్తాయి. తడి ఆరితే మళ్లీ మారిపోతాయి.

మెత్తగా ఉంటే చాలని మాత్రం అనుకోకండి. ఇసుకలో పరుగెత్తి చూడండి, కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. అందుకే సింథటిక్ ట్రాక్‌లకు అథ్లెటిక్స్ ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ రెండు హద్దులూ పెట్టింది: కాంక్రీటుతో పోలిస్తే దెబ్బ 35 నుంచి 50 శాతం తగ్గాలి. పై హద్దు పెట్టడం నాకు చాలా నచ్చింది. గాయం కాకూడదు, పరుగూ పోకూడదు.

కబడ్డీ కోర్టును మట్టి, ఎరువు, రంపపు పొట్టుతో మెత్తగా చేయాలని నిబంధనల్లోనే ఉండేది. ఇప్పుడు పెద్ద పోటీలకు మ్యాట్లు వచ్చాయి. మీకు క్లెగ్ సుత్తి దొరకదు కాబట్టి, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని పొడవాటి స్క్రూడ్రైవర్‌ను నేలలోకి నొక్కి చూడండి. అసలే దిగని చోట్లకు ముగ్గుతో గుర్తు పెట్టి మీ పీఈటీ సార్‌కు చూపించండి. ముందురోజు సాయంత్రం నీళ్లు పట్టి, పై మట్టిని గుల్ల చేసి, రాళ్లు ఏరించమని అడగండి. అంతదాకా అక్కడ ఆడకండి.

ప్రేమతో,
తాతయ్య